లైన్లో చోటు ఎవరికి పట్టాలి? టూర్ కి ముందే తేల్చుకుందాం



పోస్ట్ కొంచెం పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి. విషయం చూడ్డానికి చిన్నదే. లైన్లో ఒకరు నిలబడి మిగతావాళ్ళకి చోటు పట్టి ఉంచొచ్చా, ఉంచకూడదా అని. మా హాస్టల్లో వారం రోజులుగా దీని మీదే గొడవ. మెస్ లో మొదలై రూముల్లోకి వచ్చింది, రూముల్లోంచి గ్రౌండ్ కి పోయింది. ఎందుకంటే వచ్చే నెల ఫైనలియర్ వాళ్ళం కాలేజీ టూర్ కి హైదరాబాద్ వెళ్తున్నాం. అందులో ఒక రోజు మొత్తం రైడ్ లు ఉండే పార్కుకి. మాలో చాలామంది అలాంటి పార్కు గేటు చూడబోయేది ఇదే మొదటిసారి. ఇళ్ళలో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదట, పార్కుకి పోయేదీ మేమే మొదట. అందుకే అందరికీ ఆత్రం.

మాలో కొంతమంది అప్పుడే ప్లాన్ వేసేశారు. పది మంది ఒక బ్యాచ్. పెద్ద రైడ్ దగ్గర ఒకడు పోయి లైన్లో నిలబడతాడు. మిగతా తొమ్మిది మంది ఈలోగా చిన్న రైడ్ లు ఎక్కుతారు. వాడి వంతు దగ్గర పడగానే ఫోన్ కొడతాడు, తొమ్మిది మందీ వెళ్ళి "మావాడు ముందున్నాడండీ, మావాడు ముందున్నాడండీ" అనుకుంటూ వాడి పక్కన చేరిపోతారు. ఇలా వంతులేసుకుంటే రోజులో రెట్టింపు రైడ్ లు ఎక్కొచ్చని లెక్క. లెక్క తప్పని మేము అనట్లేదు. ఆ పని వద్దంటున్నాం. మేమంటే మా రూము వాళ్ళం, పక్క రూములో ఇద్దరం.

మా మాట ముందే చెప్పేస్తాం. లైన్లో నిలబడి, మధ్యలో పనిబడి పక్కకి వెళ్ళినవాళ్ళకి చోటు ఉంచాలి. అసలు లైన్లోకే రానివాళ్ళకి ఉంచకూడదు. ఈ రెండూ ఒకటే అని చాలామంది అనుకుంటున్నారు, గొడవంతా అక్కడే వస్తోంది.

రైడ్ ల పార్కు మనకి కొత్త గానీ ఈ లైన్ల సంగతి కొత్త కాదు. సీజన్లో మన అరకు చూడండి. వలిసె పూలు పూసే రోజుల నుంచి సంక్రాంతి దాకా మన దగ్గర ప్రతిదానికీ లైనే. పొద్దున్న కిరండూల్ బండి బొర్రా గుహల స్టేషన్లో ఆగిందంటే దిగినవాళ్ళు దిగినట్టే టికెట్ కౌంటర్ వైపు పరుగు. పద్మాపురం గార్డెన్స్ లో బొమ్మ రైలు ఎక్కడానికి లైను. వంజంగిలో మబ్బులు చూడ్డానికి తెల్లారకముందే లైను. 2017లో రైలుకి అద్దాల పెట్టె పెట్టినప్పటి నుంచి వచ్చేవాళ్ళు ఇంకా పెరిగారు. మాలో కొంతమంది ఆ సీజన్లో బొంగు చికెన్ బడ్డీల దగ్గరో, పార్కింగ్ దగ్గరో పని చేసి ఫీజులకి సంపాదించుకుంటాం. కాబట్టి లైన్లో ఏం జరుగుతుందో బయట నుంచి చూస్తూనే ఉంటాం.

జరిగేది ఏటంటే, ఒక టెంపో ట్రావెలర్ వస్తాది. అందులోంచి ఒకాయన దిగి లైన్లో నిలబడతాడు. మిగతా పన్నెండు మంది ఫోటోలకి పోతారు, టీ తాగుతారు, జామకాయలు బేరం ఆడతారు. ఆయన కౌంటర్ దగ్గరికి వచ్చాక అందరూ వచ్చి చేరతారు. టికెట్లు ఒకరే కొనడం వేరే సంగతి, అది తప్పు కాదు. పన్నెండు టికెట్లు ఒకరు కొన్నా కౌంటర్ దగ్గర రెండు నిమిషాల పనే. కానీ ఆ తర్వాత లోపలికి వెళ్ళే లైనూ, బొమ్మ రైలు లైనూ అలా కాదు కదా. అక్కడ మనిషికొక సీటు.

పోయిన సీజన్లో మాలో ఒకరి పెద్దమ్మని తీసుకొచ్చాం. చోటు పేరు ఎందుకులెండి, మన కొండల్లోదే. ఆ చోటుకి నడిచి వచ్చేంత దూరంలో పుట్టి పెరిగిన మనిషి, ఎప్పుడూ టికెట్ కొని లోపలికి వెళ్ళలేదు. లైన్లో ఆమె ముందు ఒక కుర్రాడు ఉన్నాడు. కాసేపటికి వాళ్ళవాళ్ళు నలుగురు వచ్చారు, ఆమె పక్కకి జరిగింది. ఇంకో ముగ్గురు వచ్చారు, మళ్ళీ జరిగింది. మేము అడగబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. "ఎల్లనీరా బాబూ, పట్నపోలు, ఆలకి ఏటి తొందరో" అంది. వాళ్ళు ఆమె వైపు చూసి నవ్వి థాంక్స్ అని కూడా అన్నారు. ఒప్పుకుంది అనుకున్నారు.

మమ్మల్ని ఆలోచనలో పడేసింది ఆ నవ్వే. మన పెద్దవాళ్ళు అడగరు. డిపో దగ్గర, ఆసుపత్రిలో, ఆధార్ సెంటర్లో, ఎక్కడైనా సరే, ఎవరైనా ముందుకొచ్చి నిలబడితే జరిగి చోటిస్తారు. ఆ జరగడాన్ని ఎదుటివాళ్ళు ఒప్పుకోలు అనుకుంటారు. "వెనకాల వాళ్ళు ఏమీ అనలేదు, అంటే పర్లేదన్నట్టే" అని మన ప్లాన్ వాళ్ళు కూడా అంటున్నారు. అనలేకపోవడం వేరు, ఒప్పుకోవడం వేరు. ఈ తేడా మనకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తాది?

ఇప్పుడు ప్లాన్ వాళ్ళ మాట కూడా వినాలి. వాళ్ళ వాదనలో బలం లేదని అనడం అన్యాయం అవుతాది. వాళ్ళు చెప్పేది ఇది. డబ్బున్నవాడు ఫాస్ట్ ట్రాక్ టికెట్ కొనుక్కుని వేరే లైన్లోంచి ముందుకి పోతాడు. హైదరాబాద్ వండర్లాలో అలాంటి టికెట్ ఉంది, మామూలు టికెట్ కంటే రేటు చాలా ఎక్కువ. అమెరికాలో డిస్నీ వాళ్ళు 1999లో ఫాస్ట్ పాస్ అని మొదలుపెట్టినప్పుడు అది అందరికీ ఉచితం. టైము రాసిన చీటీ తీసుకుని, ఆ టైముకి వచ్చి ఎక్కడమే. 2021లో ఆ పద్ధతి తీసేసి డబ్బులు కట్టేది పెట్టారు. మన తిరుమలలో కూడా సర్వదర్శనం లైను వేరు, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం లైను వేరు. "వాళ్ళు డబ్బుతో చోటు కొంటే తప్పు లేదు గానీ మనం స్నేహంతో చోటు పట్టుకుంటే తప్పా?" అని అడిగాడు మా వాడు. మెస్ లో చప్పట్లు పడ్డాయి. నిజం చెప్పాలంటే మాకూ ఆ నిమిషం జవాబు దొరకలేదు.

రాత్రంతా మాట్లాడుకున్నాక దొరికింది. ఫాస్ట్ ట్రాక్ వాడు మన లైన్లో లేడు. వాడు వేరే దారిలో ఎప్పుడో ముందుకి వెళ్ళిపోయాడు. మనం తొమ్మిది మందిని మధ్యలో చేర్చితే వెనక్కి పోయేది వాడు కాదు. మన వెనక నిలబడ్డవాడు పోతాడు. అతను కూడా మనలాగే ఆ ఎక్కువ టికెట్ కొనలేనివాడే. ఏ శ్రీకాకుళం నుంచో, పాలమూరు నుంచో పిల్లల్ని తీసుకొచ్చి, ఆ ఒక్క రోజు కోసం నెలలపాటు దాచుకున్నవాడు అయి ఉంటాడు. డబ్బున్నవాడి మీద కోపం తీర్చుకుందామని డబ్బులేనివాడి చోటు లాక్కుంటే ఎలా? ఫాస్ట్ ట్రాక్ మీద కోపం ఉంటే ఫాస్ట్ ట్రాక్ గురించే మాట్లాడదాం. అది న్యాయమని మేమూ అనట్లేదు.

లెక్క కూడా చూడండి. ఒక రైడ్ లో ఒకసారికి ఇరవై మంది ఎక్కుతారు అనుకుందాం. మీరు లైన్లో పద్దెనిమిదో మనిషి. ఇదే ట్రిప్పులో మీ వంతు అని గట్టిగా అనుకుంటారు. ముందున్న ఒకడి దగ్గరికి తొమ్మిది మంది వచ్చి చేరారు. మీరు ఇరవై ఏడో మనిషి అయ్యారు, ఆ ట్రిప్పు పోయింది. మీ వెనక వందమంది ఉంటే వందమందీ తొమ్మిదేసి చోట్లు వెనక్కి పోయారు. మీరైతే చూశారు కాబట్టి కోపం వచ్చింది. వందో మనిషికి అసలు ఎందుకు ఆలస్యం అయిందో కూడా తెలియదు. తొమ్మిది మంది మిగుల్చుకున్న టైము ఎక్కడి నుంచో రాలేదు, ఈ వందమంది దగ్గర తలా కొంచెం తీసినదే. తలా కొంచెమే కాబట్టి ఎవరూ గట్టిగా గొడవ పడరు. ఆ ప్లాన్ నడిచేది అందుకే.

మరి అసలు చోటు పట్టడమే తప్పా అంటే, కాదు. ఇక్కడ మాకు మా ఊరి కొళాయి గుర్తొస్తుంది. కొండ ఊటకి పైపు వేసి ఊళ్ళోకి తెచ్చిన నీళ్ళు. ఎండాకాలం ధార వేలంత లావు కూడా ఉండదు. తెల్లారకముందే బిందెలు వరసలో ఉంటాయి, మనుషులు ఉండరు. ఇళ్ళలో చోడి అంబలి కాచుకుంటూ ఉంటారు, పిల్లల్ని లేపుతూ ఉంటారు. మనిషి లేకపోయినా బిందె వంతు బిందెదే. దానికి కట్టుబాట్లు ఉన్నాయి, ఎవరూ రాసిపెట్టలేదు గానీ చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరిగాం. బిందె ఎవరిదో వాళ్ళే తెచ్చి పెట్టాలి. మొదటి వంతులో ఇంటికి రెండే బిందెలు, ఇంకా కావాలంటే మళ్ళీ చివర పెట్టుకోవాలి. వంతు వచ్చేసరికి మనిషి రాకపోతే తర్వాతి ఆమె నింపేసుకుంటాది, ఈమె వచ్చాక ఆ తర్వాత వంతు ఈమెకి ఇస్తారు, చివరికి మాత్రం పంపరు. ఎవరైనా తెలివిగా తన బిందె పక్కన చెల్లెలి బిందె కూడా పెట్టేస్తే ఊరుకోరు. "ఇంకా లేవనోళ్ళ బిందెకి వంతేటి?" అని అడుగుతారు. ఆ ఒక్క మాటతో బిందె వెనక్కి పోవాల్సిందే.

అదే కొళాయి దగ్గర బాలింత ఇంటి బిందె అందరికంటే ముందు నింపుతారు. జ్వరంతో పడుకున్న ముసలామె బిందె పక్కింటి వాళ్ళు పెడతారు. అప్పుడు ఎవరూ వంతేటి అనరు. ఎందుకు రాలేదో అందరికీ తెలుసు కాబట్టి. అక్కడ చోటు ఇచ్చేది ముందున్న ఒక్కరు కాదు, లైన్లో ఉన్న అందరూ.

బిందె ఒక్కటే కాదు. 2016 నవంబర్ లో పెద్ద నోట్లు రద్దు చేసినప్పుడు బ్యాంకుల ముందు చెప్పులూ రాళ్ళూ వరసలో పెట్టారు. 2025 ఆగస్టులో తెలంగాణలో యూరియా కోసం రైతులు చెప్పులు, పాస్ పుస్తకాలు లైన్లో పెట్టిన ఫోటోలు మనందరం చూశాం. వాటిని చూసి "చూశారా, చోటు పట్టడం మనవాళ్ళ అలవాటే" అని మా ప్లాన్ వాళ్ళు ఉదాహరణగా చూపిస్తున్నారు. కానీ ఆ చెప్పుల జత వెనక ఉన్నది ఒక్క మనిషే. తెల్లవారుజాము నుంచి నిలబడి నిలబడి కాళ్ళు లాగితే చెట్టు కింద కూర్చున్న మనిషి. చెప్పులు ఆ మనిషి పడ్డ కష్టానికి గుర్తు. మన ప్లాన్ లో తొమ్మిది మంది ఆ టైములో ఇంకో రైడ్ లో కేకలేస్తూ తిరుగుతూ ఉంటారు. వాళ్ళు ఏం పెట్టారు లైన్లో?

బయట దేశాల పార్కుల్లో కూడా ఇది తేలిన విషయమే. అమెరికాలో సిక్స్ ఫ్లాగ్స్ పార్కుల్లో లైన్లో దూరడమే కాదు, వేరేవాళ్ళకి చోటు పట్టి ఉంచినా టికెట్ డబ్బులు తిరిగివ్వకుండా బయటికి పంపేస్తామని నిబంధన ఉంది. లైన్లోంచి వెళ్ళి మళ్ళీ పాత చోటుకి వచ్చినా అదే శిక్ష. అది మాకు మరీ కఠినం అనిపిస్తుంది. బాత్రూమ్ కి వెళ్ళొచ్చిన పిల్లాడిని చివరికి పంపితే ఎలా? కొళాయి దగ్గరే ఇంతకంటే జాలి ఉంది. డిస్నీ పార్కుల్లో ఇంకో పద్ధతి ఉంది, అది నచ్చింది. చంటిపిల్లతో వచ్చిన తల్లిదండ్రుల్లో ఒకరు బిడ్డని పట్టుకుని బయట ఉంటారు, ఇంకొకరు రైడ్ ఎక్కుతారు. తర్వాత రెండో వాళ్ళు మళ్ళీ మొత్తం లైను నిలబడక్కర్లేకుండా ఎక్కొచ్చు. బాలింత బిందె లాంటిదే ఇది.

ఒక మాట మన హాస్టళ్ళ గురించి కూడా చెప్పాలి, కొంతమందికి కోపం వచ్చినా సరే. ఈ ప్లాన్ లో "ఒకడు నిలబడతాడు" అన్నారు కదా, ఆ ఒకడు ఎవరు? వంతులు అంటున్నారు గానీ మనకి తెలియదా. చాలా హాస్టళ్ళలో మెస్ లైన్లో రెండు మూడు ప్లేట్లు పట్టుకుని నిలబడేది జూనియరే. ఒకటి వాడిది, మిగతావి అన్నలవి. అన్నలు చారు చల్లారకముందు వచ్చి ప్లేటు అందుకుంటారు. పార్కులో కూడా మెతక మనిషి, "లేదు" అనలేని మనిషే లైన్లో నిలబడి, వాళ్ళు వీళ్ళు రైడ్ ఎక్కుతుంటే చూస్తూ ఉంటాడు. చోటు పట్టించుకోవడం చాలాసార్లు ఇలాగే ఉంటాది. వెనక వాళ్ళకే కాదు, నిలబడ్డవాడికీ నష్టమే.

అమ్మాయిలు ఒక సంగతి అడిగారు, అది మాత్రం నిజమైన ఇబ్బంది. గుంపులో ఒక్క అమ్మాయి లైన్లో ఉంటే వెనక నుంచి తోసుకుంటారు, మీద పడతారు. స్నేహితురాళ్ళు వచ్చి పక్కన నిలబడాలనుకుంటే తప్పా అని. తప్పు కాదు. ఒంటరిగా నిలబడమని ఎవరూ చెప్పకూడదు కూడా. మాకు తోచిన దారి ఏమిటంటే, వెనక ఉన్న నలుగురు ముందుకి రావద్దు, ముందున్న ఒకామె వెనక్కి వచ్చి వాళ్ళతో కలవాలి. ఆమె వెనక్కి వస్తే మధ్యలో ఉన్నవాళ్ళంతా ఒక చోటు ముందుకి పోతారు, ఎవరికీ నష్టం లేదు. మనం కోల్పోయేది పది నిమిషాలు. అబ్బాయిలకీ ఇదే వర్తిస్తుంది. బ్యాచ్ మొత్తం లైను బయటే కలుసుకుని కలిసి లోపలికి రావడం అన్నిటికంటే తేలిక.

బాత్రూమ్ కి వెళ్ళాలన్నా, నీళ్ళు తెచ్చుకోవాలన్నా వెళ్ళండి. వెళ్ళేముందు వెనక ఉన్నవాళ్ళకి చెప్పి వెళ్ళండి. ఇది ముఖ్యం. మనం అలవాటుగా ముందున్న మన ఫ్రెండ్ కి చెప్తాం, "చోటు చూసుకోరా" అని. నష్టపోయేది ఫ్రెండ్ కాదు కదా. వెనకాయనతో "అన్నా, అయిదు నిమిషాల్లో వచ్చేస్తా" అంటే ఆయనే మనల్ని గుర్తుపెట్టుకుంటాడు, తిరిగొచ్చేసరికి ఆయనే పిలుస్తాడు. ఇద్దరి కంటే ఎక్కువ ఒకేసారి వెళ్ళకండి. మన వంతు వచ్చేసరికి రాకపోతే, వచ్చాక వెనకాయన్ని అడగండి. ఆయన ఒప్పుకుంటే ఎక్కండి, లేకపోతే లేదు. బ్యాగు పెట్టి మనిషి మాయమవ్వడం మాత్రం వద్దు. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టు అక్కడ కుదరదు, పైగా బ్యాగు పోతే ఎవరూ బాధ్యులు కారు.

ఇక ఎవరైనా మన ముందు చేరితే ఏం చెయ్యాలి? పెద్దమ్మలా జరిగిపోవద్దు. అరవనూ వద్దు. తెలుగులోనే, మామూలు గొంతుతో "అన్నా, లైను అక్కడి నుంచి" అని చెయ్యి చూపించండి. మన యాస విని నవ్వితే నవ్వనివ్వండి. చంటిపిల్లలున్నవాళ్ళు, పెద్దవాళ్ళు అడిగితే ముందుకి పంపండి, కానీ మన వెనకవాళ్ళని కూడా ఒకసారి అడిగి పంపండి.

ఇదంతా చేస్తే రైడ్ లు తగ్గుతాయి. ఒప్పుకుంటున్నాం. ప్లాన్ వాళ్ళ లెక్కలో సగమే అవుతాయేమో. అంత దూరం రైల్లో పోయి, డబ్బులు కట్టి, సగం ఎక్కి రావడం కష్టంగానే ఉంటాది. ఎక్కువ ఎక్కాలనుకునేవాళ్ళకి ఒక చిట్కా ఉంది. గేటు తీసే టైముకే లోపల ఉండాలి, తీసిన వెంటనే పెద్ద రైడ్ దగ్గరికి పోవాలి, మధ్యాహ్నం అందరూ భోజనాలకి పోయినప్పుడు మనం లైన్లో ఉండాలి. తినేది తర్వాత తినొచ్చు. హాస్టల్ వాళ్ళం, రెండింటికి తినడం మనకి కొత్తా?

మా ప్లాన్ వాళ్ళు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. వాళ్ళలో ఒకడు "పది మంది వద్దు, ఇద్దరికి పట్టుకుందాం" అని బేరానికి వచ్చాడు. ఆ ఇద్దరు అప్పటిదాకా ఎక్కడుంటారని మేము అడిగాం. ఆదివారం రాత్రి భోజనాలయ్యాక మెస్ లోనే కూర్చుందాం. ప్లాన్ వాళ్ళు, మేము, మధ్యలో ఉన్నవాళ్ళు అందరూ రండి. ఇదివరకు ఇలాంటి పార్కులకి వెళ్ళొచ్చిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే అక్కడ లైన్లు ఎలా నడుస్తాయో కింద రాయండి, చదివి వినిపిస్తాం. టూర్ డబ్బులు ఇంకా కట్టనివాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు, ఆ లోపు కట్టేయండి.